టోక్యో నగరమున చంటిబిడ్డ బండి

కోటీ నలువది లక్షల జనము నివసించు టోక్యో మహానగరమును పటములో చూచినవారికి అది సముద్రపు ఒడ్డున పరచుకొన్న చదునైన ఊరివలె తోచును. ఆ పటమునే చేతబట్టుకొని, చంటిబిడ్డను స్ట్రోలరులో పరుండబెట్టి తోసికొనుచు బయలుదేరినవారికి మాత్రము, అర్ధగంట గడవకముందే, ఈ నగరము అంతస్తులుగా పేర్చినదే కాని పరచినది కాదను సంగతి మోకాళ్లకు తెలిసివచ్చును. బాటసారి గమ్యము ఎన్ని మైళ్లున్నదని అడుగును; బండి తోయు తల్లి నడుమ ఎన్ని మెట్లున్నవని అడుగును. టోక్యోలో మొదటి ప్రశ్నకు సమాధానము ప్రతి గోడమీదను కనబడును గాని, రెండవదానికి సమాధానము వెదకి తెలిసికొనవలసినదే.

షిబుయా స్టేషనునే చూడుడు. షిబుయా ఒక లోయ. స్టేషను ఆ లోయ అడుగున ఉన్నది. 1927లో ఉయెనో, అసాకుసా పేటల నడుమ ప్రారంభమై ఆసియాలోకెల్ల మొదటి భూగర్భ రైలుగా పేరొందిన గింజా మార్గము, తరువాతి కాలమున ఈ వైపునకు పొడిగింపబడినపుడు, చుట్టునున్న మెట్టనుండి సూటిగా వచ్చి లోయమీద తేలుటచేత, పేరునకు భూగర్భ రైలైయుండియు ఇచ్చట భూమికి మూడవ అంతస్తున ఆగును. 2013 మార్చిలో నేలలోనికి దింపబడిన తోయోకో మార్గపు రైలో, అదే స్టేషనులో భూమికి ఐదంతస్తుల దిగువన ఆగును. ఒకటి దిగి రెండవది ఎక్కువారు కాలినడకన పోయినచో ఎస్కలేటర్ల వరుసను పట్టుకొని నాలుగు మాటలాడుకొనులోపల చేరుదురు. బండితో పోవువారు ఒక లిఫ్టు దిగి, నడవలు తిరిగి, మరియొక లిఫ్టును వెదకి, దాని ముంగిట వరుసలో నిలువవలెను. కొత్త మార్గములు పాతవాని క్రింద తవ్వవలసి వచ్చుటచేత, కాలము గడచినకొలది లోతు పెరిగినది. 2000 డిసెంబరులో పూర్తియైన ఓయెదో మార్గమున రొప్పొంగి స్టేషను భూమికి 42 మీటర్ల లోతున ఉన్నది. అయినను కొత్తవానియందొక మేలు కలదు: అవి లిఫ్టులు తప్పనిసరియని గుర్తెరిగిన కాలమున కట్టబడినవి. లోతు తక్కువైన పాత స్టేషన్లే, ఇరుకు ప్లాట్‌ఫారములతోను ఎగుడుదిగుడు మెట్లతోను, బిడ్డతల్లులను ఎక్కువగా పరీక్షించును.

షింజుకు స్టేషను సంగతి వేరుగా చెప్పవలెను. నిత్యము ముప్పది లక్షలకు పైబడిన జనము వచ్చిపోవు ఈ స్టేషనును ప్రపంచములోకెల్ల రద్దీ అయినదిగా గిన్నిస్ గ్రంథము గుర్తించినది. దానికి ఇన్నూరు పైచిలుకు ద్వారములు కలవు. ఒంటరివాడు ఏ ద్వారమున బయటపడినను కొంపమునుగదు. రోడ్డు దాటి వెనుకకు నడచివచ్చును. బండి తోయువారికి ఆ స్వేచ్ఛ లేదు. ఆ ఇన్నూరింటిలో మెట్లు లేనివి కొన్నియే. పొరపాటున మెట్లున్న దారి పట్టినచో వచ్చిన దారినే వెనుకకు పోవలెను. స్టేషనుకు తూర్పు దిక్కునుండి పడమటి దిక్కునకు టిక్కెట్టు గేట్లతో పని లేక సూటిగా దాటిపోవు విశాలమైన దారి 2020 జూలైలో తెరువబడినది. ఆ దారి లేనినాడు స్టేషనును చుట్టివచ్చుటయే గతి.

ఈ చిక్కులకు అచ్చటి తల్లులు కనుగొన్న ఉపాయమొకటి కొత్తవారు మొదటనే నేర్చుకొనదగినది. ఏ స్టేషనులో లిఫ్టు ప్లాట్‌ఫారముమీద ఏ చోటనున్నదో, దానికెదురుగ ఆగునది ఎన్నవ పెట్టెయో తెలుపు పటములు భూగర్భ రైలు స్టేషన్ల గోడలమీద అతికింపబడియుండును. ఎక్కుటకు ముందే ఆ పటము చూచి, తగిన పెట్టె ఆగుచోట నిలిచియున్నచో, దిగునపుడు లిఫ్టు ముంగిటనే దిగవచ్చును. ఇంత చిన్న ముందుచూపు రెండువందల మీటర్ల పొడవు ప్లాట్‌ఫారమున గుంపునకెదురు బండిని తోయు బాధను తప్పించును. బయటికి పోవునపుడు గేట్ల వరుసలో కొనకున్న వెడల్పాటి గేటు పట్టుకొనవలెను. బిడ్డ నిద్రించుచున్నాడు గదా యని బండిని ఎస్కలేటరుమీదికి ఎక్కింపదలచుట మాత్రము ప్రమాదకరము. ఆ పని వలదను బొమ్మలు ఎస్కలేటరు మొదటనే ఉండును. వాని మాట వినుట మేలు.

బండివారికి ఇన్ని సదుపాయములు ఎట్లు కలిగినవని విచారించినచో, అవి బిడ్డలమీది ప్రేమచేత పుట్టినవి కావని తెలియును. ప్లాట్‌ఫారముల అంచులను కాలిబాటలమీదను కనబడు పసుపుపచ్చని గరుకు పలకలు 1967లో ఒకయామా పట్టణమున మొదట పరువబడినవి. చూపులేనివారు పాదముతోను చేతికర్రతోను దారి తెలిసికొనుటకు మియాకే సెయిచి అనునతడు వానిని కల్పించెను. స్ట్రోలరు చక్రములు వానిమీద ఎక్కినపుడు గడగడలాడి నిద్రించు బిడ్డ ఉలికిపడుట నిజమే, కాని ఆ గడగడకు విసుగుకొనువారు తాము ఎక్కు లిఫ్టు కూడ ఆ కోవకు చెందినవారు సాధించిపెట్టినదేయని మరువరాదు. 1977 ఏప్రిలులో కావసాకి స్టేషను ముంగిట, సెరిబ్రల్ పాల్సీతో జీవించువారి సంఘమైన అవోయి షిబా నో కాయివారు, చక్రాల కుర్చీలతో తమ్ము ఎక్కించుకొనని బస్సులలోనికి తామై ఎక్కి, దిగక కూర్చుండిరి. బస్సులు కదలలేదు, ఊరు తెల్లబోయినది, పత్రికలు వారిని మొండివారని నిందించినవి కూడ. అట్టివారి పట్టుదల దశాబ్దముల పర్యంతము సాగినపిమ్మట, 1994లో భవనములకును, 2000లో రైళ్లు బస్సులు మొదలగువానికిని, అడ్డంకులు తొలగింపవలెనను చట్టములు వచ్చినవి. 2006లో ఆ రెండును ఒకటిగా కలుపబడినవి. దినమునకు ఐదువేలమందికి తక్కువ కాకుండ వాడు స్టేషన్లన్నియు 2010 నాటికి మెట్లు లేని దారి కలిగియుండవలెనని 2000 నాటి చట్టము క్రింద లక్ష్యముగా పెట్టుకొనిరి. నేడు ముప్పదియేండ్ల తల్లి మీట నొక్కి ఎక్కు లిఫ్టులో ఈ చరిత్రయంతయు ఉన్నది. దానికి ధర కూడ కలదు: 2023 మార్చిలో టోక్యో మెట్రోయు, జేఆర్ ఈస్ట్ రైల్వేయు, లిఫ్టులకును ప్లాట్‌ఫారము తలుపులకును అగు ఖర్చు నిమిత్తము టిక్కెట్టుమీద పది యెన్నులు చేర్చి వసూలు చేయ నారంభించినవి. మెట్లెక్కగల యువకుడును ఆ పది యెన్నులు చెల్లించును. ఇది న్యాయమైన పన్నుయని నా యభిప్రాయము.

రైలెక్కిన తరువాత బండిని మడువవలెనా వద్దా యను ప్రశ్న ఆ దేశమున చాలకాలము కలహకారణమైనది. బిడ్డ నొకచేత, మడిచిన బండి నొకచేత, సంచి భుజమున, ఊగు రైలులో నిలుచు తల్లికి మూడవ చేయి దేవుడీయలేదు. కడకు 2014 మార్చిలో రవాణా మంత్రిత్వశాఖ సమకూర్చిన సంఘమువారు బండిని మడువనక్కరలేదని సాధారణ నియమముగ నిర్ణయించి, బండి తోయు మనిషి బొమ్మ కలిగిన గుర్తొకటి దేశమంతట ఏకరీతిగా ప్రవేశపెట్టిరి. ఆ గుర్తున్నచోట బండి నిలుపవచ్చును. ముప్పది స్టేషన్లను ముప్పదినాలుగున్నర కిలోమీటర్ల వలయముగ చుట్టివచ్చు యమనోతె మార్గమున, నేటి రైళ్లలో ప్రతి పెట్టెయందును కుర్చీలు లేని చోటొకటి ఇందుకొరకే విడువబడినది. ఓయెదో మార్గమున 2019 నుండి కొన్ని రైళ్లలో పిల్లలవారికని ప్రత్యేకముగ, బొమ్మలతో అలంకరించిన చోట్లు ఏర్పరచిరి. నగరపాలకుల బస్సులలో బండిని పట్టీలతో బిగించి నిలుపుదురు. కవలల జంటబండ్లను మడువకుండ ఎక్కించుకొనుట 2021లో అన్ని దారులకును విస్తరించినది. టిక్కెట్టు విషయమున బిడ్డలు భాగ్యవంతులు. ఏడాది నిండనివారికి ఎల్లపుడును ఉచితము. ఆపైన ఆరేండ్లలోపువారు, టిక్కెట్టు కొన్న పెద్దలొక్కరివెంట ఇద్దరు చొప్పున, ఉచితముగ పోవచ్చును.

చట్టము ఒప్పినంతమాత్రమున చిత్తములు ఒప్పునా? ఉదయము ఏడున్నర మొదలు తొమ్మిదిన్నర వరకు రైలు పెట్టెలో మనిషికిని మనిషికిని నడుమ గాలి చొరదు; ఆ వేళ బండితో ఎక్కువారిని ఎవ్వరును కసరరు గాని ఎవ్వరును పలుకరింపరు కూడ. జపానువారి రైలులో నిశ్శబ్దమే మర్యాద. ఫోనులో మాటలాడుటయు తప్పుగా ఎంతురు. అట్టిచోట బిడ్డ గొంతెత్తి ఏడ్చినచో తల్లి చుట్టును తలవంచి క్షమాపణ చెప్పుకొనుచు, తరువాతి స్టేషనులో దిగిపోవుట సామాన్యముగ జరుగును. మన బస్సులో ఐనచో ఎదుటి సీటులోని పెద్దమ్మ, ఎవరి బిడ్డయని కూడ అడుగక, "ఇటు తేమ్మా" యని ఒడిలో కూర్చుండబెట్టుకొనును. వెనుకనున్న మరియొకామె పాలు చాలలేదేమోయని సలహా చెప్పును. సలహా అడిగినవారెవరని ఎవరును విచారింపరు. కాని అదే బస్సెక్కుటకు ముందు కాలిబాట ఉండదు, ఉన్నచోట దానిమీద మోటారుసైకిలుండును. అచ్చట కొరతపడిన చేతులు ఇచ్చట మిక్కుటముగ ఉన్నవి. ఇచ్చట లేని దారి అచ్చట ఉన్నది. రెండును ఒకచోట దొరకు నగరమును నేనింకను ఎరుగను. ఒక్కటి మాత్రము చెప్పవలెను: లిఫ్టు లేని మెట్లయొద్ద నిలిచి, సిగ్గుపడక, ఎదుటనున్నవారిని నోరు తెరచి సాయమడిగినచో, జపానువారు కాదనుట అరుదు. అడుగనిదే పెట్టరు, అంతియే భేదము.

పాలు పట్టుటకును డైపరు మార్చుటకును చోటు వెదకువారికి టోక్యోలో అభయమిచ్చునవి పెద్ద డిపార్టుమెంటు స్టోర్లు. షింజుకులోని ఇసెతాన్, తకాషిమాయా, గింజాలోని మిత్సుకోషి మొదలగువానిలో, పిల్లల దుస్తులమ్ము అంతస్తునందు బిడ్డల గదియొకటి యుండును. తల్లులు తెరచాటున పాలిచ్చుటకు చిన్నగదులు, పాలపొడి కలుపుటకు తగిన వేడినీరు వచ్చు కుళాయి, డైపరు మార్చుటకు అంచులెత్తైన మెత్తని బల్లలు, వాడినవి వేయుటకు మూతగల డబ్బాలు, ఒక్కొక్కచోట బిడ్డ బరువు తూచు త్రాసు కూడ అందు అమర్పబడియుండును. ఏమియు కొనకున్నను అడుగువారు లేరు. తండ్రులకును డైపరు బల్లల దాక ప్రవేశము కలదు. తెరచాటు గదులు మాత్రము తల్లులవి. నగర ప్రభుత్వమువారు కూడ ఇట్టి సదుపాయములున్న గ్రంథాలయములు, శిశుసంరక్షణ కేంద్రములు మొదలగువానికి ఒక గుర్తునిచ్చి, దారిన పోవువారెవరైనను లోనికి వచ్చి వాడుకొనునట్లు ఏర్పాటు చేసిరి. మరుగుదొడ్లలోని ఒక అమరికను చూచినపుడు నాకు ఆ దేశపు పనివారిమీద అపారమైన గౌరవము కలిగినది: గదిలోపల గోడమూలన చిన్న కుర్చీయొకటి బిగించి, పట్టీ అమర్చియుందురు. ఒంటరిగా వచ్చిన తల్లి బిడ్డను అందు కూర్చుండబెట్టి, తన పని తాను చూచుకొనవచ్చును. తల్లియు మనిషియే యని, ఆమెకును శరీరమున్నదని, ఆ కుర్చీ కల్పించినవారు తలచిరి.

సిద్ధముగా త్రాగింపదగిన ద్రవరూపపు పాలు ఆ దేశమున ఆశ్చర్యకరముగ ఆలస్యముగా వచ్చినవి. 2016లో కుమమోతో భూకంపము సంభవించినపుడు ఫిన్లాండునుండి అట్టి పాలు సాయముగా రాగా, వాని అవసరము అందరికిని తెలిసి, 2018లో నిబంధనలు సడలి, 2019 వసంతమున స్వదేశపు డబ్బాలు అంగళ్లకెక్కినవి. ప్రయాణికులకు ఇవి వరము. మరియొక సంగతి: వీధులలో చెత్తకుండీలు దాదాపు కనబడవు. 1995లో భూగర్భ రైళ్లలో సారిన్ విషవాయువు ప్రయోగింపబడిన పిమ్మట వానిలో అనేకము తొలగింపబడినవి. తడిసిన డైపరును మూటగట్టి ఇంటిదాక మోయవలసినదే. మూతిబిగియు సంచులు నాలుగైదు వెంట ఉండవలెను. భోజనమునకు, ఎత్తైన పీటలమీద వరుసగా కూర్చుండి తిను రామెన్ అంగళ్లు బండివారికి పనికిరావు. డిపార్టుమెంటు స్టోర్ల పై అంతస్తులలోని భోజనశాలలు, పిల్లల కుర్చీలుంచు ఫ్యామిలీ రెస్టారెంట్లు మేలు.

ఇక తిరుగదగిన తావులు. చక్రములకు స్వర్గమన్నచో ఆదివారము మధ్యాహ్నపు గింజాయే. 1970 ఆగస్టునుండి సెలవుదినములందు అచ్చటి ప్రధానవీధిలో మధ్యాహ్నము పండ్రెండు మొదలు సాయంత్రము ఐదారు గంటలదాక మోటారు బండ్లను నిషేధించి, వీధియంతయు కాలినడకవారికి వదలుదురు. కోట్లు పలుకు భూమిమీద, కార్లు పోవలసిన నడివీధిని, ఏడునెలల పౌరుడు తన శకటమునెక్కి ఊరేగును. ఆపైన షింజుకు గ్యోయెన్. 1906లో చక్రవర్తి ఉద్యానముగా వెలసి, 1949లో ప్రజలకు తెరువబడిన ఈ తోట 58 హెక్టార్ల మేర పరచుకొన్నది. మద్యము లోనికి రానీయరు గనుక చెర్రీపూల కాలమునందును అచ్చటి పచ్చికమీద పిల్లలవారికి ప్రశాంతత దొరకును. మెయిజీ దేవాలయపు దారి మాత్రము మోసగించును. నగరము నడుమ మానవహస్తములు నాటి పెంచిన ఆ మహారణ్యము కన్నులకు చలువయే గాని, దారిపొడవున మందముగ పరచిన కంకరలో చిన్న చక్రములు కూరుకొని బండి మొరాయించును. పుట్టి నెలనాళ్లైన పసికందులను పట్టువస్త్రముల చుట్టి అమ్మమ్మలో నానమ్మలో ఎత్తుకొని దైవదర్శనమునకు తెచ్చు ఆచారము ఆ దేశమున ఉన్నది. వారిని చూచి మనమును బిడ్డను చంకనెత్తుకొనుట ఉత్తమము. అసాకుసాలోని సెన్సోజీ ఆలయమున ప్రధాన మందిరమునకు ప్రక్కగా లిఫ్టున్నది. ఏటేట ఏప్రిలు చివర ఆ ఆలయ ప్రాంగణమున సుమో మల్లులు పసిబిడ్డలను ఎదురెదురుగ ఎత్తిపట్టి ఏడిపించు వేడుక జరుగును. ముందేడ్చిన బిడ్డ గెలిచినట్లు. రైలులో దోషమైన ఏడుపు గుడిలో ఆరోగ్యలక్షణమగుట విచిత్రము.

ఉయెనో జంతుశాలతో మనకొక చుట్టరికమున్నది. 1882లో స్థాపింపబడి ఆ దేశపు జంతుశాలలకెల్ల పాతదైన ఆ తోటలో, యుద్ధకాలమున, 1943లో, బాంబులకు కట్లు తెగి ఊరిమీద పడునేమోయను భయముతో ఏనుగులను ఆకలికి మాడ్చి చంపిరి. యుద్ధానంతరము ఏనుగును కన్నులజూడని టోక్యో పిల్లలు నెహ్రూగారికి విన్నపములు వ్రాయగా, ఆయన 1949లో మైసూరు ఏనుగునొకదానిని, తన కుమార్తె పేరే పెట్టి, ఓడమీద పంపెను. ఇందిర యను ఆ ఏనుగు 1983 వరకు ఉయెనోలో జీవించినది. నేటి తాతలలో పలువురు దానిని చూచి పెరిగినవారే. తోటలో ఎత్తుపల్లములున్నను దారులు చక్రములకు అనువైనవే. చిన్నపిల్లలకు ప్రవేశము ఉచితము.

ఋతువు విషయమున నిర్మొగమాటముగ చెప్పవలెనన్న, జూలై ఆగస్టులలో బిడ్డతో పోరాదు. అచ్చటి ఎండ మన రోహిణికార్తెను తలపింపదు గాని, గాలిలోని తేమ ఊపిరి సలుపనీయదు. పైగా బండిలోని బిడ్డ కాగిన తారుకు పెద్దలకంటె ఎంతో దగ్గరగ ఉండుటచేత, మనకు తగులు వేడికంటె వానికి తగులునది రెండు మూడు డిగ్రీలు అధికము. జూనులో వానలు. ఏప్రిలు, అక్టోబరు, నవంబరు నెలలు యోగ్యములు.

తెలుగువారిలో టోక్యో పోవు పెద్దలలో అధికులు వినోదయాత్రికులు కారు; కూతురికో కోడలికో పురుడు పోయుటకు పోవువారు. వారిలో పలువురు దిగునది ఎదొగావా వార్డులోని నిషికసాయి పేటలో. 2000 ప్రాంతమునుండి కంప్యూటరు పనులకు వచ్చిన భారతీయ ఇంజనీర్లు అచ్చట స్థిరపడుటచేత, పప్పులు, బియ్యము, కరివేపాకు అన్నియు నడకదూరమున దొరకును. ఆ నేల చదునైనది, కాలిబాటలు వెడల్పైనవి. చిక్కెల్ల అచ్చటినుండి నగరములోనికి పోవు తోజాయి మార్గముతోడనే. ఉదయపు రద్దీకి అది దేశమంతట అపఖ్యాతి పొందినది. కావున పది గంటలకు ముందు ఇల్లు కదలక, కదలినను నగరమువైపు పోక, పేటకు చేరువనే ఉన్న గ్యోసెన్ తోటకు బండి తోసికొనిపోవుట మేలు. అందులోని చిన్న జంతుశాలకు రుసుము లేదు, సోమవారము సెలవు. మరికొంత దూరమున సముద్రపుటొడ్డున కసాయి రింకాయి తోటలో, 1989లో తెరచిన జలచరశాల యందు, ట్యూనా చేపలు గుంపులుగా గిరగిర తిరుగుచుండును. మూడునెలల పసివాడు కూడ వానివంక రెప్పవాల్చక చూచును.

బండిని ఇచ్చటినుండి మోసికొనిపోవలెనా యని పెద్దలు అడుగుచుందురు. 1965లో మాక్లారెన్ అను ఆంగ్లేయుడు, యుద్ధవిమానముల చక్రాల చట్రమును రూపొందించిన అనుభవముతో, గొడుగువలె మడచు అల్యూమినియపు బండిని కల్పించిన నాటినుండి బండ్లు తేలికపడినవి. ఇరుకు ఇండ్లు, ఇరుకు లిఫ్టులు గల జపానువారు వానిని ఇంకను తేలికచేసిరి. అచ్చటి బండ్లు రెండు జాతులు: ఏ-రకము నెలల పసికందును పరుండబెట్టునది, బీ-రకము ఏడునెలలు దాటి కూర్చుండనేర్చినవారిది. నిషిమత్సుయా, అకచాన్ హొంపో అను అంగళ్లలో రెండును దొరకును. ఇచ్చటి బరువైన వెడల్పు బండిని విమానమెక్కించుటకంటె అచ్చట బిడ్డ వయసునకు తగిన రకమొకటి కొనుట సుఖము. కొనునపుడు అంగడిలోనే ఒంటిచేత మడచి, రెండవచేత బిడ్డను ఎత్తుకొని, పది అడుగులు నడచి చూడుడు. అంగడివారు ఏమియు అనుకొనరు.